విశ్వాసానికి వయస్సెంత?

మా ఊళ్ళోని తెలుగు క్రైస్తవ కుటుంబాలవారం నెలకొక శనివారం సాయంత్రం కూడుకుంటాము. చోటు మా సొంతం కాదు. ఇక్కడ పెన్సిల్వేనియాలో ఒక పాత లూథరన్ చర్చివారు తమ బేస్‌మెంటును మమ్మల్ని వాడుకోనిస్తారు. పాటలు, ప్రార్థన, వాక్యం, ఆ తరువాత పులిహోర, కోడికూర, పెరుగన్నం. వాక్యానికీ భోజనానికీ మధ్య సాక్ష్యాల సమయమని ఒకటి ఉంటుంది. ఈ పత్రిక చదివేవారిలో క్రైస్తవులు కానివారే ఎక్కువ గనుక చెబుతున్నాము: సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలును నలుగురి ముందు లేచి నిలబడి చెప్పుకోవడం.

కిందటి సంవత్సరం ఆఖరి కూటంలో ఏడెనిమిది సాక్ష్యాలు విన్నాము. ఒకరికి గ్రీన్‌కార్డు వచ్చింది. ఒకరి అబ్బాయికి రెసిడెన్సీ దొరికింది. ఒకరు ఇల్లు కొన్నారు, వడ్డీ రేటు కూడా కలిసివచ్చిందట. ప్రతి దానికీ "దేవునికి స్తోత్రం" అన్నాము, మనస్ఫూర్తిగానే అన్నాము. అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచారు. తెనాలి దగ్గరి పల్లె నుంచి కూతురి ఇంటికి వచ్చి ఉన్నారు. వయస్సు ఎనభైకి దగ్గర.

"నాకు ఈ ఏడు దేవుడు ఏమీ ఇవ్వలేదు నాయనా" అని మొదలుపెట్టారు. "నా కొడుకు పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచీ గుడికి పోతూనే ఉన్నాను గాని ఆయన మీద కోపంతోనే పోతున్నాను. ఈ ఏడు ఆ కోపం రవ్వంత తగ్గింది. అంతే నా సాక్ష్యం" అని కూర్చున్నారు.

దీనికి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాటలు నడిపించే తమ్ముడు గబగబా మరో పాట ఎత్తుకున్నాడు.

ఆ రాత్రి కారులో ఇంటికి వస్తూ మేమిద్దరం ఆవిడ మాటలే మాట్లాడుకున్నాము. మేమంటే మా దంపతులం; ఇద్దరమూ డాక్టర్లమే, ఒకరిది పిల్లల వైద్యం, ఒకరిది పెద్దల వైద్యం. ఈ వ్యాసం ఆ కారు ప్రయాణంలో పుట్టింది గనుక ఇద్దరి తరఫునా రాస్తున్నాము. ఆ సాయంత్రం మేము విన్న సాక్ష్యాలన్నింటిలోకీ ఎదుగుదలను గురించి చెప్పినది ఆవిడ ఒక్కరే అని మాకు తోచింది. మిగిలినవన్నీ రాబడి లెక్కలు. ఆ లెక్కలు తప్పని అనడం లేదు. మా గ్రీన్‌కార్డు వచ్చిన నెలలో మేమూ లేచి అలాంటి సాక్ష్యమే చెప్పాము. అదే కూటంలో వీసా తిరస్కరించబడి సామాను సర్దుకుంటున్న ఒక యువకుడు కూర్చుని ఉన్నాడని ఆ తరువాత గాని మాకు గుర్తు రాలేదు. మాకు మేలు చేసిన దేవుడు అతనికి ఏమి చేసినట్టు? ఆ ప్రశ్న వేసుకునేపాటి ఎదుగుదల అప్పటికి మాకు లేదు.

మన ఆంధ్ర క్రైస్తవుల్లో "మీరెప్పుడు రక్షింపబడ్డారు?" అని అడగడం పరిపాటి. దానికి తేదీతో సహా జవాబు రావాలి. మెడికల్ కాలేజీలో ఇ.యు. కూటాలకు వెళ్ళే రోజుల్లో మేమూ మా తేదీలు చెప్పుకునేవాళ్ళం. పుట్టినరోజు ముఖ్యమే, కాదనము. కాని పిల్లల డాక్టరు దగ్గరికి వచ్చిన తల్లి "మా బాబు ఫలానా తేదీన పుట్టాడండీ" అని ఊరుకుంటే సరిపోదు గదా. బరువెంత, ఎత్తెంత అని చూసి కాగితం మీద చుక్క పెట్టాలి. చుక్కా చుక్కా కలిపితే గీత పైకి పోతుండాలి. జ్వరం లేకపోయినా, పిల్లవాడు నవ్వుతూ ఆడుతూ ఉన్నా, గీత అడ్డంగా సాగిందంటే లోపల ఏదో ఉన్నట్టే.

మనం గొప్పగా చెప్పుకునే ఒక తేదీ ఉంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా పూర్వీకుల్లో కొందరు ఆ రోజుల్లో ఆ ఏటిలో దిగినవారే. అవి 1876 నుంచి 1878 వరకు సాగిన గొప్ప కరువు నాళ్ళు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. కూలి ఇస్తున్నంత కాలం మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, వారికి వారు మోసపోకూడదని. ఇదంతా మన సండే స్కూళ్ళలో చెబుతారు. ఆ తరువాత ఏమి జరిగిందో మాత్రం చెప్పరు.

ఆ తరువాత వారంతా తమ తమ మాదిగపల్లెలకు తిరిగిపోయారు. వారికి చెప్పిన నియమాలు కొద్దిపాటివే: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినడం మానాలి, విగ్రహాలను కొలవడం మానాలి. వినడానికి తేలిక. కాని ఆదివారం పనికి రామంటే ఊళ్ళో ఆసామి ఊరుకుంటాడా? జాతరకు డప్పు కొట్టమంటే కరణం ఊరుకుంటాడా? దెబ్బలు తిన్నవారున్నారు, బావి నీళ్ళకు అడ్డుపడినచోట్లున్నాయి. అక్షరం రానివారు, వాక్యాన్ని చెవితో విని గుండెలో పెట్టుకున్నవారు, వారం వారం ఆ బరువు మోశారు. ఒక్కరోజు నీళ్ళలో మునిగినందుకు కాదు, ఆ తరువాతి ముప్ఫై నలభై ఏళ్ళ ఆదివారాలకు వారిని పెద్దలని పిలవాలి.

క్లౌ కూడా ఎదిగినవాడే. ఒంగోలు వచ్చిన కొత్తలో అగ్రవర్ణాలవారు ఆయన బడికి పిల్లలను పంపారు, ఆయనా సంతోషించాడు. మాదిగలు రావడం మొదలుపెట్టాక వారిని చేర్చుకుంటే మేము రామన్నారు. ఆయనా ఆయన భార్యా ఒకే రోజున, ఒకరికొకరు చెప్పుకోకుండా, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో లోకం ఎన్నికలేనివారిగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే చోట బైబిలు తెరిచామని ఆయన తన స్వీయకథలో చెప్పుకున్నాడు. అక్కడ ఆయన లెక్క మారింది. మన లెక్క ఇంకా మారలేదేమో. ఇవాళ్టి తెలుగు క్రైస్తవ పెళ్ళి సంబంధాల ప్రకటనలు తీసి చూడండి. "క్రిస్టియన్" అన్న మాట పక్కనే కులం పేరు కూడా నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. నూటనలభై ఏళ్ళు దాటినా అక్కడ గీత అడ్డంగానే సాగుతోంది.

మళ్ళీ వైద్యానికి వస్తాము, అలవాటు, క్షమించాలి. ఎముక చివరల్లో ఉండే మృదువైన పొర ఉన్నంతకాలం పిల్లలు పొడుగవుతారు. ఆడపిల్లల్లో పదిహేను, మగపిల్లల్లో పదిహేడు ప్రాంతాల ఆ పొర మూసుకుపోతుంది. ఇక ఎత్తు పెరగరు. చాలామంది ఎముక పని అక్కడితో అయిపోయిందనుకుంటారు. కాదు. పెద్దవాళ్ళ ఎముక రాయి కాదు, బ్రతికి ఉన్న పదార్థం. కొన్ని కణాలు పాత ఎముకను తొలిచివేస్తుంటాయి, వాటి వెనకాలే మరికొన్ని కణాలు కొత్త ఎముకను పోస్తుంటాయి. ఏడాదికి మన అస్థిపంజరంలో దాదాపు పదోవంతు ఇలా కొత్తదవుతుంది. కొత్తది ఎక్కడ గట్టిగా పోయాలో తేల్చేది బరువు. ఎటు బరువు పడితే అటు ఎముక గట్టిపడుతుందని యూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ వైద్యుడు 1892లోనే పుస్తకం రాశాడు. బరువు లేకపోతే తొలిచే కణాలు తొలుస్తూనే ఉంటాయి, పోసేవి వెనకబడతాయి. అంతరిక్షంలో తేలే వ్యోమగాములకు తుంటి ఎముకలు నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం వరకు క్షీణిస్తాయి. వాళ్ళకు నొప్పేమీ ఉండదు. హాయిగా తేలుతుంటారు.

విశ్వాసంలో మేము అలా హాయిగా తేలామనే మా అనుమానం. మోయడానికి బరువులు లేక కాదు. రాత్రి డ్యూటీలు, పరీక్షలు, వీసా కాగితాలు, ఊళ్ళో అమ్మానాన్నల ఆరోగ్యం, అన్నీ ఉన్నాయి. కాని వాటిని మోయడానికి మాకు జీతం ఉంది, ఇన్సూరెన్సు ఉంది, చదువు ఉంది. విశ్వాసాన్ని మాత్రం అమ్మ పెట్టెలో సర్దిన బైబిలులాగా, కీర్తనల పుస్తకంలాగా, నలగకుండా దాచుకున్నాము. పంతొమ్మిదేళ్ళప్పుడు హాస్టల్లో ఎలా ఉందో అలాగే ఉందని గర్వపడ్డాము కూడా. పదేళ్ళ కిందటి వైద్యంతో ఇవాళ రోగిని చూస్తే ఊరుకుంటారా? ఏటేటా ఇన్ని గంటలు చదివామని మేము లెక్క చూపించాలి. దేవుని సంగతిలో మాత్రం సెకండియర్ నోట్సుతో నెట్టుకొస్తున్నాము.

ఆ నోట్సు ఎంత పనికొచ్చాయో చెబుతాము. ఇది చెప్పడం మాకు సులభం కాదు.

కొన్నేళ్ళ క్రితం మా కూటంలోని ఒక అన్నయ్యకు కళ్ళు పచ్చబడ్డాయి. మాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఈ కూటాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరు. కొత్తగా వచ్చిన కుటుంబాలను విమానాశ్రయం నుంచి తన వ్యానులో తెచ్చి, ఆఫీసుల చుట్టూ తిప్పి, మొదటి చలికోటు కొనిపెట్టేవారు. మా ఇద్దరి కోట్లూ ఆయన కొన్నవే. పరీక్షలు చేస్తే క్లోమంలో కేన్సరు, అప్పటికే కాలేయానికి పాకి ఉంది. స్కాన్ రిపోర్టు మాకు పంపి, కొంచెం చూసి చెప్పమన్నారు. చూశాము. ఆ దశలో పట్టుకున్న క్లోమం కేన్సరుకు ఉన్న మందులన్నీ వాడినా ఏడాది దాటేవారు సగంమంది ఉండరు. మాకు ఆ రాత్రే తెలుసు.

ఆ వారంలోనే కూటంవారు ఉపవాస ప్రార్థన పెట్టారు. ఒకరు లేచి, ఆయన పూర్తిగా స్వస్థుడవుతాడని దేవుడు తమకు తెలియజేశాడన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. మేమూ అన్నాము. ప్రార్థించడం తప్పని ఇప్పటికీ అనము. మేమూ ఏడ్చి ప్రార్థించాము. తప్పు ఆ తరువాత జరిగింది. ఆ రోజునుంచి ఆ ఇంట్లో చావు అన్న మాట నిషిద్ధమైపోయింది. పరామర్శకు వచ్చిన ప్రతివారూ స్వస్థత గురించే మాట్లాడేవారు. ఆయన బరువు తగ్గుతున్నారు, బట్టలు వదులవుతున్నాయి, మేము సాక్ష్యాల సంగతులు మాట్లాడుతున్నాము.

అయిదో నెలలో కేన్సరు డాక్టరు హాస్పిస్ సంగతి ఎత్తారు. మందులు ఇక పనిచేయనప్పుడు నొప్పి, ఆయాసం తగ్గించి, రోగి తన ఇంట్లో తనవారి మధ్య ఉండేలా చూసే ఏర్పాటు అది. వదినగారు మాకు ఫోను చేశారు. "హాస్పిస్ అంటే ఆశ వదులుకోవడమే కదా డాక్టరుగారూ? వదులుకుంటే అది అవిశ్వాసం కాదూ?" అన్నారు. దీనికి జవాబు మాకు వచ్చు. ఆస్పత్రిలో ఎందరో అపరిచితులకు వారి చేయి పట్టుకుని ఆ జవాబు చెప్పాము. వదినగారికి మాత్రం "ప్రార్థన చేసి నిర్ణయించుకుందాం వదినా" అన్నాము. డాక్టర్లకు విశ్వాసం తక్కువ అంటారని భయం. ఇంకేమీ కాదు.

ఒక సాయంత్రం ఆయన దగ్గర మేమిద్దరమే ఉన్నాము. "మీరు చదువుకున్నవాళ్ళు. నిజం చెప్పండి. ఇంకెన్నాళ్ళు?" అని అడిగారు. "అలా అనకండన్నయ్యా, దేవుడు గొప్పవాడు" అన్నాము. ఆయన మా ముఖాల వంక కాసేపు చూసి కిటికీ వైపు తిరిగారు. మళ్ళీ అడగలేదు. పెద్దమ్మాయి చదువు సంగతో, ఇక్కడ పాతిపెట్టాలా గుంటూరు తీసుకుపోవాలా అన్న సంగతో, ఏదో చెప్పాలనుకున్నారు. మేము చెప్పనివ్వలేదు.

ఏడో నెలలో ఆయన ఐ.సి.యు.లో, వెంటిలేటరు మీద, పదకొండో రోజున పోయారు. గొట్టం నోట్లో ఉన్నందువల్ల కూతుళ్ళతో ఒక్క మాట లేదు. నెల తిరిగాక ఇంటికి వెళితే వదినగారు టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. "మీకు ముందే తెలుసు కదూ?" అన్నారు. తెలుసన్నాము. "చెప్పి ఉంటే ఆయనా నేనూ మాట్లాడుకునేవాళ్ళం" అన్నారు. కోప్పడలేదు.

ఇది మా ఒక్క కూటం సంగతి కాదని తరువాత చదివి తెలుసుకున్నాము. అమెరికాలో ముదిరిన కేన్సరు రోగులు 345 మందిని గమనించి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మతవిశ్వాసం మీద బాగా ఆధారపడేవారిలో ఆఖరి వారంలో వెంటిలేటరు మీద ఉన్నవారు నూటికి 11 మందికి పైగా తేలారు. అంతగా ఆధారపడనివారిలో నూటికి నలుగురు కూడా లేరు. 2013లో వచ్చిన మరో పరిశోధనలో, తమ మతసమాజం నుంచి బాగా ఆదరణ పొందిన రోగులే హాస్పిస్‌కు తక్కువగా వెళ్ళారని తేలింది. నిత్యజీవం ఉందని నమ్మేవారం చావుకు అందరికంటే ఎక్కువ జంకుతున్నామా? ఈ అంకెలకు వేరే అర్థాలు కూడా చెప్పవచ్చు. మేము మాత్రం మా బేస్‌మెంటును చూసినవాళ్ళం.

ఇక్కడ ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. చిన్నబిడ్డల్లా మారితే తప్ప పరలోకరాజ్యంలో ప్రవేశం లేదని ప్రభువే చెప్పాడు గదా, ఈ ఎదుగుదల గొడవ ఎందుకు అన్నారు. మంచి ప్రశ్నే. దీన్ని చాలా రోజులు నానబెట్టాము. అదే పరిశుద్ధ గ్రంథంలో పౌలు కొరింథీవారిని ఇంకా పాలు తాగే శిశువులుగానే ఉన్నారని మందలిస్తాడు. హెబ్రీయులకు రాసిన పత్రికలోనూ బలమైన ఆహారం పెద్దలకే అన్న మాట వస్తుంది. ఈ రెండింటికీ పేచీ ఉందా? మా ఎనిమిదేళ్ళ కూతురిని చూస్తే లేదనిపిస్తుంది. బిడ్డలో ప్రభువు మెచ్చుకున్నది నమ్మకంగా చెయ్యి పట్టుకోవడం; తెలియనిది తెలియదని అడగడం. మేము పట్టుకు కూర్చున్నది బిడ్డ నమ్మకం కాదు, బిడ్డ మంకుతనం. అడిగినది ఇస్తేనే నాన్న మంచివాడు, లేకపోతే కాదు. నిజానికి బిడ్డలా ఉండి ఉంటే "మాకు భయంగా ఉందన్నయ్యా" అని ఆ సాయంత్రం చెప్పి ఉండేవాళ్ళం.

యోబు గ్రంథం మళ్ళీ చదివాము. కాలేజీలో చదివినప్పుడు ఆఖరున గొర్రెలూ ఒంటెలూ రెట్టింపుగా తిరిగిరావడమే మాకు గుర్తుండిపోయింది. ఈసారి స్నేహితుల మీద కన్ను పడింది. వారు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేలమీద మాటలేకుండా కూర్చుంటారు. అంతవరకు ఎంత మంచివాళ్ళు! నోరు తెరిచినప్పటినుంచే చిక్కు. దేవుణ్ణి సమర్థిస్తూ ముప్ఫై అధ్యాయాల దాకా వాదన సాగుతుంది. తీరా ఆఖరున దేవుడు కోపగించుకునేది తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. సరిగా మాట్లాడాడని మెచ్చుకునేది తనతో తగాదా పడిన యోబును. తెనాలి పెద్దావిడకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఆవిడకు అవసరం లేదు కూడా. తొమ్మిదేళ్ళు కోపంతో గుడికి పోవడమంటే తొమ్మిదేళ్ళు ఆ బరువు మోసినట్టే. మేము గ్రీన్‌కార్డుకు స్తోత్రం చెప్పిన ఆ కొన్నేళ్ళలో ఆవిడ ఎముక ఎంత గట్టిపడిందో!

అనుభూతిని బట్టి ఎదుగుదలను కొలవడం కూడా మన పొరపాటే అనుకుంటాము. ఉజ్జీవ కూటంలో కన్నీళ్ళు వస్తే ఎదిగినట్టు, రాకపోతే చల్లారినట్టు. మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు చాలామంది ఉలిక్కిపడ్డారు. కలకత్తా వీధుల్లో పని మొదలుపెట్టిన కాలం నుంచి 1997లో చనిపోయేవరకు, ఇంచుమించు యాభై ఏళ్ళు, ఆమె లోపల చీకటి, దేవుడు దగ్గర లేడన్న భావం. ఆ చీకటిలోనే తెల్లవారుజామున లేచి ప్రార్థనకు కూర్చుంది, కుష్ఠురోగుల పుండ్లు కడిగింది. పత్రికలవారు కొందరు చూశారా, ఆమెకు విశ్వాసం లేదన్నారు. మాకు అలా తోచలేదు. గ్రాఫు మీద ఆమెకు చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక కాగితం పక్కన పెట్టాము, అంతే.

బేస్‌మెంటు గోడమీద ఒక ముసలాయన బొమ్మ వేలాడుతుంటుంది. చాలాకాలం పట్టించుకోలేదు. ఒకరోజు కుర్చీలు సర్దుతుంటే మాలో ఒకరు ఆ బొమ్మ కింద గుంటూరు అన్న పేరు ఇంగ్లీషులో చదివి కేకవేశారు. ఫాదర్ హయ్యర్. మన గుంటూరు లూథరన్లు ఇంటిపేరులా చెప్పుకునే మనిషి. 1793లో జర్మనీలో పుట్టి, కుర్రతనంలో ఫిలడెల్ఫియా చేరి, ఈ పెన్సిల్వేనియా కొండల్లోనే గుర్రం మీద సంఘాలు తిరిగినవాడు. 1842 జూలైలో గుంటూరు చేరేనాటికి ఆయనకు నలభైతొమ్మిదేళ్ళు. భార్య గతించింది, పిల్లలు పెద్దవారయ్యారు. మనలో ఆ వయస్సువారు రిటైర్మెంటు ఖాతా లెక్కలు చూసుకుంటుంటారు. ఆయన తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. నాలుగేళ్ళకు తిరిగివచ్చి, గుంటూరులో రోగుల్ని చూసి ఏమీ చేయలేకపోయినందుకు కాబోలు, యాభై దాటిన వయస్సులో బాల్టిమోరులో వైద్యం చదివి పట్టా పుచ్చుకుని మళ్ళీ గుంటూరు వెళ్ళాడు, పల్నాడు తిరిగాడు. ఇరవైల్లో వైద్యం చదవడానికే మా ప్రాణాలు తోడుకుపోయాయి. యాభైలలో చదవడం ఎలా ఉంటుందో ఊహకు అందదు. 1869లో రాజమండ్రి మిషనును వేరే సంఘానికి అప్పగించేస్తున్నారని విని, డెబ్బైఆరేళ్ళవాడు, నేను పోతానని లేచి మళ్ళీ ఓడ ఎక్కాడు. ఎక్కినవాడు చేరాడు కూడా.

ఆయనను పంపిన సంఘాలవారి మనుమలూ మునిమనుమలూ ఇప్పుడు ఆ చర్చిలో పైన ఆదివారం పాతికమంది ఉంటారేమో, సగంమందికి చేతికర్రలు. వారు పంపిన సువార్త పుచ్చుకున్నవారి మునిమనుమలం కింద కూర్చుని పులిహోర తింటున్నాము. శనివారం మాకోసం హీటరు వేసి ఉంచే ముసలాయనకు ఎనభైరెండేళ్ళు. మా పాటలు ఒక్క ముక్క అర్థం కావు; అయినా మెట్లమీద కూర్చుని వింటాడు. ఈ ఏడు తెలుగులో లెక్కపెట్టడం నేర్చుకుంటున్నాడు. పదకొండు దగ్గర ఆగాడు.

అన్నయ్య పోయిన వారం మా అమ్మాయి అడిగింది. "అందరం ప్రార్థన చేశాం కదా నాన్నా, మరి పెదనాన్న ఎందుకు చచ్చిపోయారు?" పాత నోట్సులో దీనికి మూడు జవాబులున్నాయి. మూడూ మాకు నోట్లో తిరిగాయి. చివరకు "మాకూ తెలియదమ్మా. మాకూ బాధగానే ఉంది" అన్నాము. అది దగ్గరకు జరిగి కూర్చుంది. ఆ రాత్రి పడుకునే ముందు ఎప్పటిలాగే ప్రార్థన చేసింది, ఆయన పేరు తీయకుండానే పెదనాన్నకు చలి వేయకూడదని. మాకు ఆ పూట ఆమెన్ అనడం ఆలస్యమైంది.

అన్నయ్య సంగతిని మేము ఈ సంవత్సరం కూటంలో లేచి చెప్పాము. మాకు తెలిసీ దాచామని చెప్పాము. అప్పటినుంచి రోగికోసం ప్రార్థించేముందు ఏమని ప్రార్థించమంటారు అని రోగినే అడుగుతున్నాము. కొందరు స్వస్థత కావాలంటారు, అదే అడుగుతాము. ఒకాయన మాత్రం "నా అన్నదమ్ముడితో పొలం తగాదా తీరేలా ప్రార్థించండి, ఆ తరువాత మిగిలింది చూద్దాం" అన్నారు. ఇది అందరికీ నచ్చలేదు. ఇది విశ్వాసం సన్నగిల్లడమే అని రెండు కుటుంబాలవారు వేరే కూటానికి వెళ్ళిపోయారు. వారు అన్నదానిలో నిజమెంతో మేమూ అప్పుడప్పుడు వేసుకునే ప్రశ్నే. వారి అబ్బాయి పుట్టినరోజుకు పిలిచారు, వెళ్ళివచ్చాము.

వదినగారు కూటానికి వస్తున్నారు. వెనక వరసలో కూర్చుంటారు, పాడరు. ఈ వ్యాసం రాయాలనుకున్నప్పుడు ముందు వారి ఇంటికి వెళ్ళి అడిగాము, మీకు కష్టంగా ఉంటే రాయమని. కాసేపు ఊరుకున్నారు. "రాయండి. కాని ఆయన మంచివాడని కూడా రాయండి. ఆ చలికోట్ల సంగతి రాయండి" అన్నారు.